"కుదరదు" అన్నవాళ్లను ఆ మాటే రాసివ్వమనండి

ప్రశ్న

నమస్తే మేడమ్. నాకు 41 ఏళ్లు. ముషీరాబాద్‌లో ఉంటాం. ఇంటర్ మొదటి సంవత్సరం మధ్యలో పెళ్లి చేశారు, చదువు అక్కడితో ఆగిపోయింది. పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఓపెన్ స్కూల్లో ఇంటర్ పాసయ్యాను. ఇప్పుడు ఒక ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లో పనిచేస్తూ ఓపెన్ యూనివర్సిటీలో బీఏ రెండో ఏడాది చదువుతున్నాను. ఓపెన్ స్కూల్లో చేరేటప్పుడు నా టెన్త్ మెమో కావాల్సి వచ్చింది. అప్పట్లో నేను మానేసిన ప్రైవేటు జూనియర్ కాలేజీవాళ్లు రెండేళ్ల ఫీజూ కడితేనే ఇస్తామన్నారు. మా అబ్బాయి సాయంతో ఇంటర్ బోర్డుకు ఆర్‌టీఐ పెడితే, కాలేజీవాళ్లే ఫోన్ చేసి పిలిచి ఇచ్చేశారు. తర్వాత బాబు ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం పెట్టిన ఆదాయ సర్టిఫికెట్ ఆగిపోతే, సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇచ్చి తెచ్చుకున్నాను.

అసలు కష్టం ఇప్పుడు వచ్చింది. మా మరిది పాడుకున్న చిట్టీకి హామీగా నేను ఖాళీ చెక్కు మీద సంతకం చేసి ఇచ్చాను. అతను వాయిదాలు సరిగ్గా కట్టలేదు. చిట్టీ నడిపే ఆయన ఆ చెక్కు మీద 2 లక్షలు రాసుకుని బ్యాంకులో వేశాడు. బౌన్స్ అయ్యాక నా మీద నాంపల్లి కోర్టులో కేసు పెట్టాడు. ముందు లాయర్ నోటీసు వచ్చినప్పుడు "నేను చూసుకుంటా వదినా" అని మరిది అంటే ఊరుకున్నాను. ఒక వాయిదా రోజే సెమిస్టర్ పరీక్ష పడింది. తెలిసిన లాయర్‌తో హాల్ టికెట్ పెట్టించి ఆ రోజుకు అనుమతి తెచ్చుకున్నాను. ఆయన ఫీజు ఇక భరించలేను. చిట్టీ ఆయనేమో పరీక్ష సెంటర్‌కే పోలీసుల్ని తెచ్చి అరెస్ట్ చేయిస్తానని బెదిరిస్తున్నాడు. ఇది చాలదన్నట్టు టెన్త్ మెమోలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉన్నాయని స్టడీ సెంటర్లో అడ్డు చెబుతున్నారు. ఆఫీసుల చుట్టూ తిరగడమే నీ చదువా అని అత్తయ్య అంటున్నారు. ఏవో చిన్న చిన్నవి గెలిచానని మురిసిపోయాను గానీ ఇప్పుడు ఓపిక అయిపోయింది. కేసు తేలేదాకా డిగ్రీ ఆపేయనా? డిగ్రీ అయ్యాక లా చదవాలని కోరిక. ఈ కేసు ఉండగా అది కుదురుతుందా?

సమాధానం

అమ్మా, డిగ్రీ ఆపకండి. ఆపినందువల్ల కేసు ఒక్క రోజు కూడా ముందుకు జరగదు. చెక్ బౌన్స్ కేసును ఆరు నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలని చట్టమే చెబుతున్నా, ఆచరణలో అంతకన్నా చాలా ఎక్కువ కాలం పట్టే కేసులే ఎక్కువ. డిగ్రీ పూర్తి చేయడానికి యూనివర్సిటీ ఇచ్చే గడువు మాత్రం మీ కేసు కోసం ఆగదు. కేసులో ఉన్న మనిషి పరీక్ష రాయకూడదని ఏ చట్టంలోనూ లేదు. రెండూ పక్కపక్కనే నడుస్తాయి, నడవనివ్వండి.

మీ గెలుపుల్ని మీరే "ఏవో చిన్న చిన్నవి" అని తీసేస్తున్నారు. నేను ఒప్పుకోను. టెన్త్ మెమో సంగతే చూడండి. ప్రైవేటు కాలేజీకి నేరుగా ఆర్‌టీఐ పెడితే మాకు వర్తించదని తిప్పి పంపేవాళ్లు. మీరు ఆ కాలేజీకి గుర్తింపు ఇచ్చిన బోర్డును అడిగారు. ఒక ప్రభుత్వ సంస్థ వేరే చట్టం కింద ఏ ప్రైవేటు సంస్థ నుంచి సమాచారం తెప్పించుకోగలదో, ఆ సమాచారాన్ని మనమూ ఆ ప్రభుత్వ సంస్థ ద్వారా అడగొచ్చు. సమాచార హక్కు చట్టం, 2005లో సెక్షన్ 2(ఎఫ్) ఇచ్చిన వెసులుబాటు అది. 10 రూపాయల ఫీజుతో వేసిన ఒక కాగితానికి 30 రోజుల్లో జవాబు ఇవ్వాల్సిన బాధ్యత బోర్డు మీద పడింది. ఆ జవాబు కోసం బోర్డు కాలేజీని అడుగుతుంది. ఫీజు కోసం సర్టిఫికెట్ పట్టి ఉంచుకున్నాం అని కాగితం మీద రాసివ్వడానికి ఏ కాలేజీ సిద్ధపడుతుంది? అందుకే మీకు ఫోన్ వచ్చింది. మీరు ఎవరినీ బతిమాలలేదు, ఎవరి రికమెండేషనూ వాడలేదు. పెద్ద లాయర్లు చేసే పని కూడా చాలావరకు ఇదే, సరైన వాళ్లను సరైన ప్రశ్న అడగడం.

ఇది చదివే డిగ్రీ కాలేజీ పిల్లల కోసం ఒక మాట. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి, సరిపోల్చుకుని, వెంటనే తిరిగి ఇచ్చేయాలని 2018 అక్టోబర్‌లో యూజీసీ నోటిఫికేషన్ ఇచ్చింది. మధ్యలో మానేస్తే ఎంత ఫీజు వెనక్కి ఇవ్వాలో కూడా అందులోనే ఉంది. అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకంటే ముందు మానేస్తే మొత్తం ఫీజు తిరిగి ఇవ్వాలి. అందులోంచి ప్రాసెసింగ్ కింద 5 శాతానికి మించకుండా, అదీ 5,000 రూపాయలు దాటకుండా మాత్రమే పట్టుకోవచ్చు. కాలేజీ ఆఫీసులో ఎవరైనా "మా రూల్స్ వేరే" అంటే ఆ నోటిఫికేషన్ ప్రింట్ తీసి దరఖాస్తుకు జత చేయండి.

ఇక ఆఫీసుల విషయంలో మీరు తెలియకుండానే పట్టుకున్న పద్ధతిని ఇకపై తెలిసి పాటించమని నా సలహా. కౌంటర్లో నోటితో అన్న "కుదరదు" అనేది జవాబు కాదు. దాని మీద అప్పీలు వేయలేం, దాన్ని ఇంకో ఆఫీసర్‌కు చూపించలేం, రేపు ఆ మాట అన్న మనిషే నేను అనలేదంటే చేయగలిగిందేమీ లేదు. కాబట్టి ప్రతి పనికీ తెల్ల కాగితం మీద దరఖాస్తు రాయండి. తేదీ వేసి, రెండు కాపీలు తీసుకెళ్లండి. దరఖాస్తులు తీసుకునే తపాల్ సెక్షన్‌లో ఒకటి ఇచ్చి, రెండోదాని మీద స్టాంపు, ఇన్‌వార్డ్ నంబర్ వేయించుకోండి. తీసుకోం అంటే గొడవ పడకండి. బయటికొచ్చి అదే దరఖాస్తును స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. దరఖాస్తు చివర ఒక వాక్యం తప్పకుండా ఉండాలి: "నా అభ్యర్థన తిరస్కరించేటట్లయితే, ఏ నిబంధన ప్రకారం తిరస్కరిస్తున్నారో లిఖితపూర్వకంగా తెలియజేయగలరు." ఈ ఒక్క వాక్యంతో సగం పనులు కదులుతాయి. నిజంగా నిబంధన ఉంటే వాళ్లు రాసిస్తారు, అప్పుడు మనకు దారి తెలుస్తుంది. లేకపోతే రాయడానికి చెయ్యి రాదు, పనే చేసేస్తారు.

నెల దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే ఆర్‌టీఐ వేయండి. "నా పని ఎందుకు చేయలేదు" అని అడగకండి. ఎందుకు అన్నదానికి సమాధానం చెప్పే పని సమాచార అధికారిది కాదు, రికార్డుల్లో ఉన్నది ఇవ్వడమే ఆయన పని. ఫలానా తేదీ, ఫలానా ఇన్‌వార్డ్ నంబర్‌తో నేనిచ్చిన దరఖాస్తు ఇప్పుడు ఏ అధికారి దగ్గర ఉంది, ఏ తేదీ నుంచి ఉంది, దాని మీద అధికారులు రాసుకున్న అభిప్రాయాల నోట్ ఫైల్ కాపీ ఇవ్వండి, ఇలాంటి దరఖాస్తును ఎన్ని రోజుల్లో పరిష్కరించాలన్న నిబంధన కాపీ ఇవ్వండి. ఇలా అడగండి. సమాచారం ఎందుకు కావాలో మీరు కారణం చెప్పనక్కర్లేదు, సెక్షన్ 6(2) ఆ మాటే అంటుంది. తెల్ల రేషన్ కార్డు ఉంటే ఆ కాపీ జత చేస్తే ఫీజు కూడా ఉండదు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, అరకొరగా వచ్చినా, అదే ఆఫీసులో పై అధికారికి మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయొచ్చు. చాలామంది ఆర్‌టీఐ వేసి, జవాబు రాకపోతే ఈ అప్పీలు వేయకుండా వదిలేస్తారు. అక్కడే ఓడిపోతారు.

చదువుకే సంబంధించిన ఇంకో ఉపయోగం చెబుతాను. ఏదైనా పేపర్లో మార్కులు అన్యాయంగా తగ్గాయనిపిస్తే, దిద్దిన మీ జవాబు పత్రాన్ని చూసుకునే హక్కు మీకు ఉందని సుప్రీంకోర్టు 2011లో ఒక సీబీఎస్‌ఈ కేసులో తేల్చింది. కాకపోతే యూనివర్సిటీలు జవాబు పత్రాలను కొంతకాలమే దాచుతాయి కాబట్టి ఫలితాలు వచ్చిన వెంటనే అడగాలి.

ఇదంతా మర్యాదగా చేయాలి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలు ఊరికే అనలేదు. మీరూ రోజంతా కౌంటర్ వెనక కూర్చునే మనిషే. వరుసలో పదిమంది ఉండగా ఎవరో అరిస్తే ఎలా ఉంటుందో, అన్ని కాగితాలూ సరిగ్గా సర్దుకుని వచ్చిన మనిషి పని ఎంత తొందరగా అయిపోతుందో మీకు నేను చెప్పాలా? అవతల ఉన్న గుమస్తా చాలాసార్లు చెడ్డవాడు కాదు, తన మీదికి ఏమొస్తుందోనని భయపడుతున్నవాడు. సరైన కాగితం అతనికీ రక్షణే.

ఇప్పుడు కేసు. ఆఫీసు పనికీ కోర్టు పనికీ ఒక పెద్ద తేడా ఉంది, అది మనసులో నాటుకోండి. ఆఫీసులో ఒక నెల ఆలస్యమైతే మీకు పోయేది సమయం. కోర్టులో ఒక్క వాయిదాకు చెప్పకుండా మానేస్తే వారెంట్ వస్తుంది. చెక్ బౌన్స్ బెయిల్ దొరికే నేరమే. కానీ నిందితురాలు అదే పనిగా రాకపోతే జడ్జి నాన్ బెయిలబుల్ వారెంట్ కూడా జారీ చేయవచ్చు. అరెస్ట్ అన్న మాటకు ఈ కేసులో చోటు ఉన్నది అక్కడే. చిట్టీ ఆయన చెప్పినంత మాత్రాన పోలీసులు పరీక్ష సెంటర్‌కు వచ్చి మిమ్మల్ని తీసుకెళ్లలేరు. ఇది ఆయన నేరుగా మేజిస్ట్రేట్ ముందు వేసుకున్న ప్రైవేటు ఫిర్యాదు, కోర్టు వారెంట్ లేకుండా పోలీసులకు ఇందులో పని లేదు. మీరు ప్రతి వాయిదాకూ హాజరవుతున్నా, రాలేని రోజు ముందే పిటిషన్ పెట్టిస్తున్నా ఆ వారెంట్ రాదు. ఆయన నిజంగా సెంటర్ దగ్గరికొచ్చి గొడవ చేస్తే 100కు ఫోన్ చేయండి. ఆయన పంపిన బెదిరింపు మెసేజ్‌లు, వాయిస్ రికార్డింగులు డిలీట్ చేయకండి.

పరీక్ష రోజు మీరు పెట్టించిన దాన్ని మన కోర్టుల్లో ఆబ్సెంట్ పిటిషన్ అంటారు. అది హక్కులా ప్రతిసారీ దొరకదు, జడ్జి సంతృప్తి చెందాలి. పరీక్షల టైమ్ టేబుల్ రాగానే దాని కాపీ, హాల్ టికెట్ కాపీ లాయర్‌కు ఇచ్చేయండి, పరీక్ష ముందు రోజు రాత్రి వాట్సాప్‌లో పంపితే సరిపోదు. మరో సంగతి, అన్ని వాయిదాలూ ఒకటి కావు. సాక్ష్యం ముగిశాక జడ్జి మిమ్మల్ని ప్రశ్నలు అడిగే రోజు, తీర్పు చెప్పే రోజు మీరు స్వయంగా ఉండాల్సిందే. అవి పరీక్షతో కలిస్తే ఆ రోజు దాకా ఆగకుండా, ముందు వాయిదాలోనే తేదీ మార్చమని అడిగించండి. వచ్చే వాయిదా తేదీ కోసం ఎవరి మీదా ఆధారపడకండి. మీ సమన్ల మీద 16 అంకెలు, అక్షరాలతో సీఎన్‌ఆర్ నంబర్ అని మీ కేసు గుర్తింపు సంఖ్య ఉంటుంది. లేకపోతే లాయర్‌ను అడిగి తీసుకోండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో అది కొడితే తదుపరి తేదీ, కేసు ఏ దశలో ఉందీ కనిపిస్తాయి.

లాయర్ ఫీజు గురించి మీరు దిగులు పడనక్కర్లేదు. న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987లో సెక్షన్ 12 ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి. ఇది కేవలం కేసు వేసేవాళ్లకే కాదు, కేసు పడినవాళ్లకు కూడా. 15100కు ఫోన్ చేయండి. లేదా పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు ఆవరణలో ఉన్న న్యాయ సేవా సదన్‌కు ఆధార్, సమన్లు, కేసు కాగితాలు తీసుకుని వెళ్లండి. ప్యానెల్ లాయర్‌ను కేటాయిస్తారు. ఉచితం కదా, సరిగ్గా చూడరేమో అన్న అనుమానం చాలామందికి ఉంటుంది. కాగితాలన్నీ తేదీల వారీగా సర్దుకుని వెళ్లే క్లయింటు కేసును ఎవరైనా శ్రద్ధగానే చూస్తారని నా అనుభవం. ఆ సర్దడం మీకు బాగా వచ్చు.

ఇక కేసులోని బలాబలాలు. మిమ్మల్ని ఊరడించడానికి తియ్యగా చెప్పను. సంతకం మీది కాబట్టి కేసు మీ మీదే, మరిది మీద కాదు. "ఖాళీ చెక్కు ఇచ్చాను, అంకెలు ఆయన రాసుకున్నాడు" అన్న వాదన ఒక్కటే మిమ్మల్ని కాపాడదు. ఇష్టపూర్వకంగా సంతకం చేసి ఇచ్చిన ఖాళీ చెక్కుకు కూడా, అది బాకీ కోసమే ఇచ్చారని చట్టం ముందే చేసుకునే ఊహ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. హామీ ఉన్నవాళ్లిచ్చిన చెక్కుకు కూడా, చెక్ బౌన్స్‌ను నేరంగా చూసే సెక్షన్ 138 వర్తిస్తుందని 2002లోనే చెప్పింది. కానీ ఆ ఊహను మీరు పడగొట్టవచ్చు. అందుకు మీ మాట నూటికి నూరుపాళ్లు నిరూపించాల్సిన పని లేదు, మీ మాటే నిజమయ్యే అవకాశం ఎక్కువ అని జడ్జికి అనిపించేలా ఆధారాలు చూపిస్తే చాలు.

ఆ ఆధారాలు మీ మరిది దగ్గర ఉన్నాయి. నిజంగా బాకీ ఎంత? మీరు "సరిగ్గా కట్టలేదు" అన్నారు, అసలే కట్టలేదు అనలేదు. మీరు చెక్కు ఇచ్చాక, అది బ్యాంకుకు వెళ్లేలోపు అతను కొన్ని వాయిదాలు కట్టి ఉంటే, ఆ సంగతి లెక్కలోకి తీసుకోకుండా మొత్తానికి చెక్కు వేసుకుంటే, ఆ చెక్కు మీద సెక్షన్ 138 నేరం నిలవదని 2022లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. మీకు దొరికే అతి బలమైన ఆయుధం అదే కావచ్చు. కాబట్టి మరిదిని కూర్చోబెట్టి చిట్టీ పుస్తకం, ఫోన్‌పే, గూగుల్‌పే లావాదేవీలు, బ్యాంకు స్టేట్‌మెంట్, చిట్టీ వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్‌లు అన్నీ బయటికి తీయించండి. "చూసుకుంటా వదినా" అన్న మాట నిలబెట్టుకోమనండి. అవసరమైతే కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పాలని ఇప్పుడే స్పష్టంగా అడగండి. ఇంట్లో మొహమాటం వల్లనే మీరు ఈ కేసులో ఇరుక్కున్నారు, ఈ ఒక్క విషయంలో మొహమాటం పక్కన పెట్టండి.

లాయర్‌తో చూపించుకోవాల్సినవి ఇంకో రెండు ఉన్నాయి. చెక్కు తిరిగొచ్చినట్టు బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో నోటీసు పంపాలి, నోటీసు అందాక మీకు 15 రోజులు గడువివ్వాలి, అది ముగిశాక నెలలోపు ఫిర్యాదు వేయాలి. ఈ తేదీలు సరిపోయాయా లేదా కాగితాలు చూస్తే తెలిసిపోతుంది. రెండోది, ఆ చిట్టీ రిజిస్టర్ అయిందా? చిట్ ఫండ్స్ చట్టం, 1982 ప్రకారం ముందస్తు అనుమతి, రిజిస్ట్రేషన్ లేకుండా చిట్టీ మొదలుపెట్టకూడదు. ఆయన మనుషుల్ని పోగేసి ఇంట్లోనే నడిపే చిట్టీ అయితే ఈ ప్రశ్న అడగాల్సిందే. నోటీసుకు జవాబివ్వకపోవడం మీకు కొంత నష్టమే. దాన్ని అవతలి లాయర్ ఎత్తి చూపిస్తాడు. అంతమాత్రాన కేసు పోయినట్టు కాదు. మీరు నేరం ఒప్పుకోనని చెప్పాక, చెక్కు మొత్తంలో 20 శాతం దాకా, అంటే మీ విషయంలో 40,000 దాకా, మధ్యంతర పరిహారంగా కట్టమని ఫిర్యాదుదారు అడగొచ్చు. ఇవ్వాలా వద్దా అన్నది జడ్జి విచక్షణ. హఠాత్తుగా వచ్చి మీద పడకుండా ముందే తెలిసి ఉండటం మంచిదని చెబుతున్నాను.

నిజంగా బాకీ ఉందని లెక్కల్లో తేలితే రాజీ మంచి దారి. చెక్ బౌన్స్ రాజీ పడదగిన నేరం. లోక్ అదాలత్‌లో పెట్టమని అడగొచ్చు. అక్కడిచ్చే తీర్పును అవార్డు అంటారు, అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. ఆ చివరి మాట చదివి ఆగండి. అప్పీలు లేదంటే, తొందర్లో "నెలకు 20 వేలు కడతాను" అని సంతకం చేసి తర్వాత కట్టలేకపోతే, ఆ అవార్డును సివిల్ డిక్రీలాగే మీ మీద అమలు చేయించుకోవచ్చు. మీ జీతంలోంచి, మీ మరిది ఇవ్వగలిగిన దాంట్లోంచి నెలకు ఎంత కట్టగలరో ఇంట్లోనే లెక్కేసుకుని వెళ్లండి. డబ్బు చేతికి ఇవ్వొద్దు, బ్యాంకు ద్వారానే కట్టండి. చెక్కు అసలు కాపీ కోర్టు ఫైల్లో ఉంటుంది, దాని సంగతి కూడా రాజీ పత్రంలో రాయించండి. మీరు ఇచ్చిన ఖాళీ చెక్కు అదొక్కటేనా, ప్రామిసరీ నోటు మీద కూడా సంతకం చేశారా? చేసి ఉంటే అదీ వెనక్కి ఇవ్వాలని అందులోనే ఉండాలి.

పేరు గొడవ చిన్నది, కానీ తప్పు దారిలో వెళ్తే పెద్దదవుతుంది. మీ చదువు కాగితాలన్నీ టెన్త్ మెమోలో ఉన్న పేరు మీదే నడవాలి. ఆధార్‌తో సరిపోలాలని మెమోలో అత్తింటి పేరు వేయించే ప్రయత్నం చేయకండి. మెమోలో మార్పులంటే ఆనాటి స్కూల్ అడ్మిషన్ రిజిస్టర్, హెడ్మాస్టర్ సంతకం, జిల్లా విద్యాధికారి (డీఈఓ) ఆఫీసు, అక్కడి నుంచి ప్రభుత్వ పరీక్షల విభాగం. పైగా ఆ దారి ఉన్నది రికార్డులో దొర్లిన తప్పుల కోసం, పెళ్లయ్యాక మారిన ఇంటిపేరు కోసం కాదు. పెళ్లయితే ఇంటిపేరు మార్చుకోవాలని ఏ చట్టమూ చెప్పదు. ఆధార్‌నే మెమోకు తగ్గట్టు మార్చుకోండి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, పెళ్లయ్యాక ఒకసారి మార్పించి ఉంటే మీకు మిగిలింది ఒక్క అవకాశం. అందుకని ఎన్‌రోల్‌మెంట్ సెంటర్లో స్క్రీన్ మీద పేరు అక్షరం అక్షరం చూసుకుని, ఇంటిపేరు ముందుందో వెనకుందో, పొడి అక్షరమా పూర్తి పేరా సరిపోల్చుకుని ఓకే చెప్పండి. ఆ తర్వాత పాన్, బ్యాంకు, పీఎఫ్ అన్నీ అదే పేరుకు తెచ్చుకోవచ్చు. పుట్టిన తేదీకి కూడా టెన్త్ మెమోదే విలువ. ఆధార్ వయసుకు రుజువు కాదని సుప్రీంకోర్టు 2024 అక్టోబర్‌లో చెప్పింది. ఆధార్ మారే లోపు స్టడీ సెంటర్‌కు రెండు పేర్లూ నావే అని నోటరీ అఫిడవిట్, పెళ్లి సర్టిఫికెట్ కాపీ జత చేసి దరఖాస్తు ఇవ్వండి. దాని చివర, పైన చెప్పిన ఆ వాక్యం రాయడం మర్చిపోకండి. ఆధార్ సెంటర్లో మీ కాగితాలు చాలవన్నప్పుడు మాత్రమే పేరు మార్పును ప్రభుత్వ గెజెట్‌లో ప్రకటించే జోలికి వెళ్లండి. చంచల్‌గూడలోని ప్రభుత్వ ముద్రణాలయం ద్వారా ఆ ప్రకటన వేయిస్తారు.

మీ అత్తయ్యగారికి ఇవన్నీ వివరించి ఒప్పించాలని చూడకండి. మనవడి ఆదాయ సర్టిఫికెట్ తెచ్చింది మీరేనని ఆమెకు తెలుసు.

లా చదువు గురించి అడిగారు. ఇక్కడ మీకు తెలియని ఒక గెలుపు ఉంది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల ప్రకారం దూరవిద్యలో చదివిన ఇంటర్, డిగ్రీ చెల్లుతాయి. కానీ ముందు చదవాల్సింది చదవకుండా నేరుగా ఓపెన్ యూనివర్సిటీ డిగ్రీ తెచ్చుకున్నవాళ్లకు లా సీటు ఇవ్వరు. ఇలా డిగ్రీ చేసి, తీరా లా కాలేజీ గుమ్మం దగ్గర ఆగిపోయినవాళ్లు ఉన్నారు. మీరు టెన్త్, ఇంటర్, డిగ్రీ వరుసగా చేస్తున్నారు. ఆ ఇంటర్ కోసమే కదా టెన్త్ మెమో గురించి అంత పోరాడారు! మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి లాసెట్ అనే ఎంట్రన్స్ రాయాలి, డిగ్రీలో జనరల్‌కు 45, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులు ఉండాలి. డిగ్రీ చివరి ఏడాదిలో ఉండగానే ఎంట్రన్స్ రాయొచ్చు. అయితే లా దూరవిద్యలో కుదరదు. కాలేజీకి వెళ్లాలి, ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు ఉండాలి. ఆసుపత్రిలో మీ షిఫ్టు ఎలా మార్పించుకోవాలో ఇప్పటి నుంచే ఆలోచించండి.

కేసు పెండింగ్‌లో ఉండటం లా సీటుకు అడ్డు కాదు. లాయర్‌గా నమోదయ్యేటప్పుడు గానీ, ప్రభుత్వ ఉద్యోగంలో చేరేటప్పుడు అటెస్టేషన్ ఫారంలో గానీ కేసులున్నాయా అని అడుగుతారు. అప్పుడు ఉన్నది ఉన్నట్టు రాయండి. దాచిపెట్టినందుకే ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్ల కేసుల్లో సుప్రీంకోర్టు 2016లో ఈ విషయం వివరంగా చెప్పింది. సమాచారం నిజంగా ఇచ్చినవాళ్ల విషయంలో కేసు స్వభావం చూసి నిర్ణయం తీసుకుంటారు, దాచినవాళ్లకు ఆ అవకాశం కూడా తగ్గిపోతుంది. అందుకే ఈ కేసు రాజీతో ముగిసినా, కొట్టేసినా ఆ ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ తీసి పెట్టుకోండి.

ఈ వారం రెండు పనులు చేయండి. 15100కు ఫోన్ చేసి లాయర్ కోసం దరఖాస్తు పెట్టండి. ఆదివారం మరిదిని భోజనానికి పిలిచి, చిట్టీ లెక్కలు తెమ్మనండి. అతను ఎప్పుడెప్పుడు ఎంత కట్టాడో తేలాక నాకు రాయండి. రాజీకి వెళ్లాలా, పోరాడాలా అన్నది ఆ లెక్క చూశాకే చెప్పగలను.